కొల్లేరు ఎటు జరిగితే అటే

కొల్లేటి అంచున ఆటపాకలో బోటు కదలగానే ఎవరో ఒకరు అడుగుతారు, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవేనా అండీ?" అని. బోటు నడిపే కుర్రాడు మొదట్లో కాదనే చెప్పేవాడట. గూడబాతులు మన దేశంవే, ఎర్రకాళ్ల కొంగలూ మనవే, దూరాభారం నుంచి దిగేవి చలికాలపు బాతులు అని ఓపిగ్గా విడమరిచేవాడట. విన్నవాళ్ల మొహాలు వాడిపోయేవి. టికెట్టు డబ్బులు దండగైనట్టు చూసేవారు. ఇప్పుడు "ఆయ్, కొన్ని వస్తాయండి" అనేసి తల తిప్పుకుంటున్నాడు. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. రోజుకు పది ట్రిప్పులు వేసేవాడికి వ్యాపారం నేర్పిన జవాబు అది.

నీళ్లలో వరసగా ఇనప స్టాండ్లు పాతి ఉంటాయి. కింద కాళ్లు, పైన జల్లెడలాంటి మెష్. ఒక్కో దాని మీద పుల్లలు, ఎండు తూడు పేర్చుకుని గూళ్లు. రెట్ట పడీ పడీ ఇనుమంతా సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. పచ్చిచేప, సున్నం, నాచు కలిసిన వాసన గట్టు ఎక్కకముందే ముక్కుకు తగులుతుంది. బోటు ఆపి చూస్తుంటే ఓ గూటిలో పిల్ల తల కనపడలేదు. మెడ దాకా తల్లి నోట్లోకి దూర్చేసింది. తల్లి ముక్కు కింద తిత్తి ఉబ్బి, అటూ ఇటూ ఊగి, మళ్లీ సద్దుమణిగింది. పిల్ల తల బయటికొచ్చాక దాని ముక్కు చివర వెండిపొలుసు ఒకటి మెరిసింది.

ఆ పొలుసు ఏ చెరువుదో ఆరా తీస్తే ఈ వ్యవహారమంతా బయటపడుతుంది. ఆటపాకలో ఉన్న పక్షులన్నిటికీ సరిపడా చేప ఆ ఒక్క చెరువులో దొరకదు. అవి పొద్దున్నే లేచి చుట్టుపక్కల రైతుల చెరువుల మీద పడతాయి. రైతు తాళ్లు కడతాడు, టపాకాయలు పేలుస్తాడు, గట్టు మీద కాపలా మనిషిని పెడతాడు. అయినా బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా వాటి తిత్తిలోకి పోతూనే ఉంటాయి. బస సర్కారు చెరువులో, భోజనం రైతు చెరువులో. ఏ చేపల చెరువుల వల్ల కొల్లేరు పాడైందని యాభై ఏళ్లుగా గోల నడుస్తోందో, ఆ చెరువుల చేపే ఇవాళ టికెట్టు కొని చూసే పక్షిని పోషిస్తోంది. పర్యాటక శాఖ బోర్డుల మీద ఈ మాట రాయరు గానీ, మారిన కాలానికి అందరికన్నా ముందు సర్దుకున్నది ఈ గూడబాతే.

అది సర్దుకోవడం ఇది మొదటిసారి కూడా కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద కొలువు ఒకటి చూసి లోకానికి చెప్పాడు. 'ఇందుచూడన్' పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసిన మనిషి ఆయన. అప్పట్లో ఈ పక్షులకు ఇనప స్టాండ్లు లేవు. ఊళ్ల దగ్గరి చెట్ల మీదే గూళ్లు. 1970లు వచ్చేసరికి ఆ కొలువు చెదిరిపోయింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు ఖాళీ చెట్లే దొరికాయి. తర్వాత దశాబ్దాల్లో ఎప్పుడో, చెట్లకు బదులు చెరువులు పుట్టుకొచ్చాక, కైకలూరు పక్కన ఈ ఆటపాక నీళ్లలో మళ్లీ స్థిరపడ్డాయి. కొల్లేటి కథ ఎవరిని అడిగినా సరస్సు ఎంత ఉండేదో, ఎంత మిగిలిందో లెక్క చెబుతారు. ఆ లెక్క అవసరమే. కాకపోతే పక్షి లెక్క వేరు. నీళ్లెక్కడ, చేపెక్కడ, పిల్లిగానీ కుక్కగానీ అందుకోలేని ఎత్తెక్కడ. ఆ మూడూ ఉన్నచోటే దానికి కొల్లేరు.

ముసలమ్మకూ తెలిసిన కాంటూరు

ఈ లంకల్లో చదువురాని ముసలమ్మ నోట కూడా 'కాంటూరు' అనే మాట పలుకుతుంది. సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని గీసిన గీత అది. ఐదో కాంటూరు అంటే అయిదడుగుల గీత. ఆ గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో చేర్చినప్పుడు లెక్కలోకి తీసుకున్నది 90,100 హెక్టార్లు. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని ఊళ్లు, ఎన్ని పొలాలు, ఎన్ని చెరువులు ఉన్నాయో కొల్లేటి తగాదా కూడా అంతే ఉంది.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితోపాటు కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలు లోపలికి పోస్తాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. అరవై కిలోమీటర్ల పైచిలుకు వంకరలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే పోటు సమయంలో ఆ దారినే ఉప్పునీరు ఎదురెక్కుతుంది. వానాకాలం కొల్లేరు కడలి, వేసవిలో బీడు. పూర్వం లంకలవాళ్లు నీళ్లు దిగాక వరి వేసేవాళ్లు, ఎక్కితే వల వేసేవాళ్లు. ముంపుల్లో పంట పోయి పోయి, 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం సొసైటీలకు చేపల చెరువులు తవ్వుకోవడానికి భూములిచ్చింది. సొసైటీ చెరువు పక్కన ఇంకో చెరువు, దాని పక్కన పట్నం పెట్టుబడిదారుడి చెరువు. 2006లో సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ సిఫారసులతో 'ఆపరేషన్ కొల్లేరు' వచ్చింది. చెరువు గట్లకు పేలుడు మందు పెట్టి పేల్చారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. ఆ మీదట దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ కుదించవద్దంది. 2025లోనూ వ్యవహారం సుప్రీంకోర్టులో నడుస్తూనే ఉంది.

ఇంత చెప్పింది తగాదా తీర్చడానికి కాదు, ఇక్కడ టూరిజం పేరుతో పెట్టుబడి పెట్టేవాడి పరిస్థితి తెలియడానికి. ఏ గీత లోపల గోడ కట్టొచ్చో, ఏ గీత బయట కాటేజీ వేయొచ్చో ఎవరూ గట్టిగా చెప్పలేని చోట సిమెంటు పోసేవాడు సాహసి అయినా కావాలి, అమాయకుడైనా కావాలి. దశాబ్దానికోసారి కొల్లేటిని టూరిజం హబ్ చేస్తామని ఎవరో ఒకరు అంటారు. పత్రికల్లో బొమ్మ వేస్తారు. బొమ్మలో ఎప్పుడూ నీళ్లు నీలంగా ఉంటాయి.

యాత్ర ముందు, టూరిజం తర్వాత

కొల్లేటికి జనం రావడం ఈనాటిది కాదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉంది. ఏటా ఫాల్గుణ మాసంలో జాతర. శివరాత్రి వెళ్లగానే లంకల్లో కదలిక మొదలవుతుంది. మామూలు ఆదివారాల్లో కూడా కైకలూరు వైపు నుంచి ఆటోలు, ట్రాక్టర్లు నిండుగా వస్తాయి. మొక్కు తీర్చుకుని, అక్కడే వండుకుని తిని, చీకటిపడకముందే తిరుగుముఖం పడతారు. ఈ కోటకు ఓ కథ కూడా ఉంది. శత్రుసైన్యం చుట్టుముట్టి నీళ్లను సముద్రంలోకి వదలడానికి కాలువ తవ్వినప్పుడు, గజపతుల సేనాని తన కూతురిని బలిచ్చాడని, ఆ కాలువే ఉప్పుటేరని, ఆమెవల్లే పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందని చెబుతారు. నిజానిజాలు దేవుడెరుగు. వినేవాళ్లకు మాత్రం ఆ కథలో ప్రధాన పాత్ర ఎవరో తెలుసు, నీళ్లు.

ఈ జాతర జరిగే నెల చూడండి. ఫాల్గుణం అంటే వాన ముప్పు లేదు, లంక దారులు తేలి ఉంటాయి, ఎండ ఇంకా ముదరలేదు, పక్షులు గూళ్ల మీద ఉంటాయి, చేప కూడా దొరుకుతుంది. ఏ కన్సల్టెంటూ నివేదిక ఇవ్వకుండానే పెద్దలు కుదిర్చిన సీజను. షామియానాలు, ఆకుల పందిళ్లు, కొబ్బరికాయల బల్లలు, గాజుల దుకాణాలు, అన్నీ మోసుకొచ్చేవే, మోసుకుపోయేవే. జాతర అయ్యాక నేల మీద పొయ్యిరాళ్లు తప్ప ఏమీ మిగలదు. కొల్లేటిలో వందల ఏళ్లు నిలిచిన ఒకే ఒక్క టూరిజం వ్యాపారం ఇదే. అందులో ఒక్క పక్కా కట్టడం గుడి మాత్రమే.

ఏలూరుది మరో రకం అనుభవం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి. కృష్ణ నుంచి వచ్చే ఏలూరు కాలువా, గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలువా ఈ ఊళ్లోనే కలుస్తాయి. కాకినాడలో పడవెక్కినవాడు ఏలూరు లాకులు దాటి, బెజవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోగలిగేవాడు. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవను లాగేవారు. లాకుల దగ్గర పడవ ఆగితే వంట పొయ్యి వెలిగేది. సత్రాలు, పూటకూళ్లు, అటుకుల బస్తాలు, అన్నీ రేవు పక్కనే. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచాక ప్రయాణికుడు పట్టాల వైపు మళ్లాడు. పూటకూళ్లు స్టేషను రోడ్డుకు మారాయి. ఆ తర్వాత బస్టాండుకు, ఆ తర్వాత హైవేకి. 2008లో ఈ కాలువల దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మళ్లీ పడవలొస్తాయని మా వీధిలో పాతవాళ్లు కొందరు నిజంగానే మురిసిపోయారు. కాలువ మీద తర్వాత కట్టిన వంతెనల ఎత్తు చూశాక, ఏ పడవైనా దాని కిందనుంచి పోవాలంటే అందులో కూర్చున్నవాళ్లు పడుకోవాలని వాళ్లకే తట్టింది.

రోడ్డు కూడా మనిషిలాగే మాట తప్పుతుంది. మద్రాసు–కలకత్తా రోడ్డు తాడేపల్లిగూడెం, తణుకు ఊళ్ల మీదుగా పోయినన్నాళ్లు ఆ దారి పొడవునా కాఫీ హోటళ్లకు, లాడ్జీలకు రాత్రీ పగలూ తేడా తెలిసేది కాదు. గుండుగొలను దగ్గర చీలి దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే నాలుగు వరుసల రోడ్డు వచ్చాక దూరపు బళ్లు అటు మళ్లాయి. ఇటు మిగిలినవాళ్లు కొత్త ముఖాల కోసం చూడటం మాని తెలిసిన ముఖాలకే వండుతున్నారు. గూడెంలో 2015లో వచ్చిన ఎన్ఐటీ, అంతకు ముందే వెంకట్రామన్నగూడెంలో వెలిసిన ఉద్యాన విశ్వవిద్యాలయం కొంత ఆదుకున్నాయి. రాజస్థాన్ నుంచో బీహార్ నుంచో పిల్లవాణ్ణి దింపడానికి వచ్చిన తండ్రికి రొట్టె కావాలి. ఇడ్లీపాత్ర పక్కన చపాతీ పెనం వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మాత్రం ఊరి పక్కన అలాగే పడుకుని ఉంది. దాని మీద ఏదో ఒక రోజు విమానం దిగుతుందని గూడెంవాళ్లు మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు.

బోర్డు లేని పర్యాటకం

ఈ ప్రాంతానికి ఏడాదిలో అందరికన్నా ఎక్కువ మంది వచ్చేది ఎప్పుడని అడిగితే పర్యాటక శాఖవారు ఏం చెబుతారో గానీ, ఏ లాడ్జీ గుమస్తా అయినా క్షణంలో చెబుతాడు. భోగి, సంక్రాంతి, కనుమ. ఆ మూడు రోజులూ భీమవరం, గూడెం, ఏలూరు, కైకలూరు, ఆకివీడు ఎక్కడా గది దొరకదు. కారణం కోడిపందాలని బయటికి ఒప్పుకోరు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పందెం నేరం. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం జూదం నేరం. హైకోర్టు ఆదేశాలూ ఉన్నాయి. అయినా ఏటా బరులు వెలుస్తాయి, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, తెరలు వేలాడతాయి, హైదరాబాదు కార్లు వరసకడతాయి. నేను దీన్ని మెచ్చుకోవడం లేదు. కోడి కాలికి కత్తి కట్టే క్షణాన్ని దగ్గరనుంచి చూసినవాడికి పండగ సరదా అనే మాట గొంతు దిగదు. కానీ ఈ నేల టూరిజం గురించి రాస్తూ దీన్ని దాచేస్తే పాఠకుడు నవ్విపోతాడు.

పోయినసారి హైదరాబాదు నుంచి మా బావగారి కుటుంబం వస్తోందని గూడెంలో ఓ లాడ్జీలో రెండు నెలల ముందే గది మాట్లాడాను. అడ్వాన్సు కూడా కట్టాను. భోగి పొద్దున ఫోను. "మాష్టారూ, ఏమీ అనుకోకండి, గది ఇరుకున పడింది" అన్నాడు అటునుంచి. గదులు ఇరుకున పడటం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడింతలు ఇచ్చే మనిషి దొరికాడని తర్వాత తెలిసింది. బావగారూ పిల్లలూ మా డాబా మీద దోమతెరలు కట్టుకుని పడుకున్నారు. పిల్లలకైతే అదే నచ్చింది. ఇంకోసారి వస్తే లాడ్జీ వద్దన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకొక అనుమానం. ఇక్కడ డాబాలున్న ఇళ్లు, పెరట్లో అరటిచెట్లు, వండిపెట్టే చేతులు ఇన్ని ఉండగా, వచ్చినవాడు పడుకోవడానికి ఎందుకు చోటు లేదు?

కొల్లేటిది పూట టూరిజం. పొద్దున బెజవాడలోనో రాజమండ్రిలోనో బయల్దేరి, ఆటపాకలో బోటెక్కి, ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం చేపల భోజనం చేసి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. కొల్లేటి మీద పొద్దు గుంకడం, చీకట్లో నీటికోళ్ల కేకలు, తెల్లారి మంచులో దోనె మీద గెడ వేసుకుంటూ వల తీయడానికి పోయే మనిషి, ఇవేవీ చూడకుండానే కొల్లేరు చూశామంటారు. రాత్రి ఉండనివాడు ఖర్చు పెట్టేది తిండి మీదే. అందుకే ఇక్కడ బాగుపడింది పెనం ఒక్కటే.

ఇంటికి పట్టుకెళ్లడానికి ఏముందన్నదీ ఆలోచించాల్సిందే. ఏలూరు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శన దాకా వెళ్లాయి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల వారసులమని చెప్పుకునే కుటుంబాలు కొన్ని ఇంకా మగ్గం మీద కూర్చుంటున్నాయి. కొల్లేరు చూడ్డానికి వచ్చినవాడిని ఆ మగ్గం దాకా నడిపించే దారి మాత్రం ఎవరూ వేయలేదు. గజ్జెలవారి చెరువులో 74 అడుగుల బుద్ధుడి విగ్రహం దగ్గర ఫోటో దిగి, పక్కన ఐస్‌క్రీము తిని వెళ్లిపోతున్నారు.

చిలికను చూసి

ఇదే తూర్పు తీరాన, మనకు పైన, ఒడిశాలో చిలిక ఉంది. అదీ ఓ దశలో పాడైంది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో 1993లో ఎక్కింది. సముద్రంలోకి పోయే ముఖద్వారం పూడుకుపోయి ఉప్పూ మంచీ లెక్క తప్పింది. 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో జాబితా నుంచి పేరు కొట్టేశారు. కొల్లేరు రామ్‌సర్ జాబితాలోకి వచ్చిన సంవత్సరం కూడా అదే. చిలిక ఉత్తరపు గట్టున మంగళజోడి అనే ఊరుంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్ముకోవడంలో ఆ ఊరికి పేరు. ఇవాళ ఆ వేటగాళ్లే గెడకర్ర పడవల మీద మనుషుల్ని తిప్పుతూ ఏ పిట్ట ఏ గడ్డిలో ఉంటుందో చూపిస్తున్నారు. పిట్టను పట్టడానికి నేర్చుకున్న విద్యే దాన్ని చూపించడానికి పనికొచ్చింది.

కొల్లేటిలో ఆ విద్య లేక కాదు. పరజ పిట్టలు ఏ రాత్రి ఏ మడుగులో దిగుతాయో, కిక్కిసలో వల ఎటు వాలిస్తే పడతాయో తెలిసినవాళ్లు లంకల్లో ఇప్పటికీ ఉన్నారు. పరజ మాంసం బహిరంగంగా అమ్మిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. చట్టం వచ్చాక ఆ వేట చాటుకు పోయింది. చాటుకు పోయినవాణ్ణి మళ్లీ వెలుగులోకి పిలిచి, నీకు తెలిసింది చెప్పు, గంటకు ఇంత ఇస్తాం అని అడిగే ఏర్పాటు మనం చేసుకోలేదు. ఇక్కడ వల పట్టి బతికే వడ్డీల కుటుంబాల పిల్లలు పక్షుల పేర్లు డజన్ల కొద్దీ చెప్పగలరు. అందులో సగం పేర్లు పుస్తకాల్లో లేవు. ఆటపాక మ్యూజియంలో గోడల మీద ఉన్నవి వేరే పేర్లు.

మన దగ్గరా మచ్చుకు ఒకటి ఉంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు. ఊరి చెరువు, అందులో కొల్లేటిలాంటి ఇనప స్టాండ్లే, అవే గూడబాతులు, అవే కొంగలు. ఊరివాళ్లు వాటిని ఊరి పిల్లల్లా చూసుకుంటారు. నేలపట్టు, పులికాట్ దగ్గర ఫ్లెమింగో పండగ అయితే కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఆగిపోయిన పండగను మళ్లీ మొదలుపెట్టగలిగారంటే అది ఊళ్లకు అక్కరకొచ్చిందనే అర్థం.

చావుదెబ్బలు తిన్నాక నేర్చుకున్నవీ ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. డెబ్బై మందికి పైగా అందులో ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆంధ్రాలో ఎక్కడ బోటెక్కినా ముందు లైఫ్‌జాకెట్టు చేతికిస్తున్నారు. ఆటపాకలో నీళ్లు లోతు కాదు, నిలబడితే నడుము దాటదు అని ఎవరైనా నవ్వినా బోటువాడు జాకెట్టు తొడిగించే కదుపుతాడు. 2020లో కరోనా తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోగా డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో కూలిపోయారు. ఏలూరు పేరు చెబితే దేశమంతా భయపడింది. ఆ చలికాలం పక్షులు వచ్చాయి గానీ మనుషులు రాలేదు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, బాదంపూడి ఫారాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకింది. దారి పక్క హోటళ్లలో కోడికూర అడిగేవాడు లేడు. చేపలోళ్లకు ఆ నెల గిరాకీ. కోడి, చేప, పక్షి, మనిషి ఒకే నీటిగట్టు మీద ఇంత దగ్గరగా బతుకుతుంటే ఒకరి రోగం ఇంకొకరికి బేరమో నష్టమో కాకుండా పోదు.

ఎడ్లగాడి దగ్గర

ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు కొల్లేటి గుండెల మీదుగా పోతుంది. చిన ఎడ్లగాడి, పెద ఎడ్లగాడి మధ్య కిటికీ దించితే రెండు పక్కలా నీళ్లు, కిక్కిస, గుర్రపుడెక్క, దూరంగా ఓ దోనె. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీళ్లన్నీ తిన్నగా ఇటే వచ్చాయి. రోడ్డు ఎక్కడుందో, సరస్సు ఎక్కడుందో తెలియలేదు. బస్సులు ఆగిపోయాయి. లంకలు మళ్లీ పేరుకు తగ్గ లంకలయ్యాయి. రోడ్డు పక్క రేకుల షెడ్లు, రెస్టారెంటు అని రాసుకున్న పందిళ్లు నానిపోయాయి.

ఈ మాఘంలో అటు వెళ్లినప్పుడు ఒకామె దగ్గర ఆగాను. ఇదివరకు ఆమెది రోడ్డువార బల్ల, నాలుగు ఇటుకల మీద నిలబెట్టింది. ఇప్పుడు తోపుడుబండి. కొరమేను ముక్కలకు కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పళ్లెంలో వరసగా పేర్చింది. పెద్ద పెనం మీద నూనె వేడెక్కగానే ముక్క తోలువైపు ముందు వేసింది. తోలు ముడుచుకోకుండా అట్లకాడతో రెండు లెక్కలు నొక్కి పట్టింది. తిప్పినప్పుడు అంచు గోధుమరంగు తిరిగింది. కరివేపాకు చిటపటలాడింది. బాదంచెట్టు ఆకులో పెట్టి నిమ్మబద్ద పిండి ఇచ్చింది. ముల్లు లేని మాంసం, మెత్తగా విడిపోయింది. చెరువు చేపా, కొల్లేటి చేపా అని అడిగితే, "రెండూ ఈ నీళ్లవే కదండీ" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, కొరమేను కొల్లేటిదే, పక్కనున్న బొచ్చె చెరువుదని చెప్పింది.

పక్కన షెడ్డు మళ్లీ కడుతున్నారు. ఈసారి సిమెంటు స్తంభాలు. ఆమె అటు చూడలేదు. బండి చక్రాల్ని చూపించింది. చిన్నవి, సైకిల్ రిక్షాకి వేసేవి. శివరాత్రి వెళ్లగానే ఈ బండి కొల్లేటికోట తీసుకెళ్లాలట, అమ్మవారి జాతరకు. పోయినేడు ఇటుకల మీద బల్లతో అక్కడికి పోలేకపోయింది. ఈ చక్రాలు లంక మట్టిలో దిగబడిపోతాయని ఆమె భయం. "ఏలూరులో ఎవరైనా ఉన్నారేంటండీ, వీటికి ఇంకాస్త పెద్ద రిమ్ములు బిగించేవాళ్లు?" అని అడిగింది.

పవర్‌పేటలో వెల్డింగ్ షాపు ఒకటి తెలుసన్నాను. ఎంతవుతుందో కనుక్కుని చెప్పమంది. ఇంకో ఆకు తీసి, అడగకుండానే రెండో ముక్క వేసింది.